నడుము లోతు నీళ్ళు

జూన్ 4

పంటల పండగ వెళ్ళిపోయింది. ఊరంతా ఒకే కప్పు కింద ఉండే మా పొడుగింట్లో కంచు గంట మోగలేదు. ఇన్ని గుమ్మాలుంటే ఒక్క గుమ్మం ముందూ బియ్యం కల్లు జాడీ బయట పెట్టలేదు. పక్క ఏటి వాళ్ళ గంటలు గాలికి వినపడుతుంటే పిల్లలు వసారా చివర చేరి చెవులు రిక్కించి విన్నారు. ఎప్పుడు మోగిస్తామని మమ్మల్ని అడగలేదు. మా ముఖాలు చూసి వాళ్ళకే సిగ్గేసినట్టుంది.

నా కూతురు బడిలో వాడకుండా వదిలేసిన నోటుబుక్కు ఇది. మనుషులతో మాట్లాడటం తప్పించుకోడానికి రాస్తున్నాను. ఎవరితో నోరు విప్పినా మాట చివరికి ఒక్క చోటికే చేరుతుంది. మీ నాన్నే ఉంటే ఈపాటికి పిలిచేవాడు, అని.

మా నాన్న మనిషిని తిన్న మొసళ్ళని పిలిచి పట్టేవాడు. లూపార్ నది పొడుగునా ఆయన పేరు తెలియని రేవు లేదు. నేను కట్టెలు కొట్టే క్యాంపులో పన్నెండేళ్ళు వంట చేసి వచ్చాను. అక్కడ నేను నేర్చుకున్నదల్లా పెద్ద గిన్నెలో అన్నం అడుగంటకుండా చూడటం.

జూన్ 6

ఈరోజు మిండు నల్ల గుడ్డ ఉతికి ఆరేసి, ఆరేదాకా గదిలోంచి బయటికి రాలేదు. నా చెల్లెలికి ముప్పై రెండేళ్ళు. చేతులకి గాజుల్లేవు, జుట్టుకి నూనె లేదు. కొండ ఊట దగ్గరికి నీళ్ళకి తప్ప ఎక్కడికీ వెళ్ళకూడదు. ఆమె నగలూ మంచి చీరలూ మూట కట్టి ఇంటి పెద్ద మాంబాంగ్ గదిలో వేలాడదీశారు. ఆ మూట విప్పేదాకా ఇంటిల్లిపాదికీ పాట లేదు, గంట లేదు.

మామూలుగా అయితే కొన్ని నెలల్లో విప్పుతారు. కానీ ఆమె మొగుడు కుడాంగ్ శవం దొరకలేదు. పోయిన నెల రొయ్యల వల చూడటానికి సాయంత్రం పడవేసుకుని వెళ్ళాడు, పడవ ఒక్కటే బోర్లా తిరిగొచ్చింది. ఒడ్డు మీద ఉన్న మాంబాంగ్ చూశాడు. నీళ్ళలో వీపు, దాని మీద తెల్లటి చార. అందరికీ తెలిసిన వీపే. మా తాతల కాలం నుంచి ఆ చారని చూశామని చెప్పేవాళ్ళున్నారు. అకి బురాక్, అంటే తెల్ల తాత. నీళ్ళ మీద మొసలి అన్న మాట అనకూడదు కాబట్టి తాత అంటాం. ఓసారి కూచింగ్ పట్నం నుంచి తుపాకుల వాళ్ళు వచ్చి, వారం రోజులు మా కోళ్ళన్నీ తిని, ఓ దుంగని కాల్చి వెళ్ళారు.

తాత కడుపులోంచి కుడాంగ్‌ది ఏదో ఒకటి చేతికి రావాలి. ఉంగరమో, గుండీయో, వెంట్రుకో. అప్పుడే మూట విప్పుతారు.

అన్నట్టు కుడాంగ్ వాచీ నా రేకు పెట్టెలో ఉంది. పట్టీ తెగిందని రేవు దగ్గర నా చేతికిచ్చాడు. "బావా, సిమంగాంగ్ వెళ్ళినప్పుడు వేయించుకురా" అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు టౌనుకి వెళ్ళాను, రెండుసార్లూ కల్లు కొట్టు దాకా వెళ్ళి మర్చిపోయాను. మిండుకి ఇచ్చేయాలి. రేపు ఇస్తాను.

జూన్ 7

వాచీ ఇవ్వలేదు. మిండు పడుకుని ఉంది.

జూన్ 11

వసారాలో అందరూ కూర్చున్నారు. ఎందుకో నాకు ముందే తెలుసు కాబట్టి చివర్న స్తంభం చాటున కూర్చున్నాను.

"జెలియన్, ముందుకి రా" అన్నాడు మాంబాంగ్. "నువ్వే పిలవాలి."

"నాకు రాదు అన్నా."

"మీ నాన్న తాడు నీ దగ్గరే ఉంది కదా."

"తాడుంది. అందులో మా నాన్న లేడు."

నవ్వారు. వాళ్ళు నవ్వితే ఆ మాట అక్కడితో పోతుందనుకున్నాను. ఇనీ దావి నవ్వలేదు. ఆమె మా ఇంట్లో అందరికన్నా పెద్దది, ఒక చెవి వినపడదు, రెండో చెవి ఆమెకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది.

"ఒరే జెలియన్, మీ నాన్నకి మాత్రం పుట్టుకతో వచ్చిందట్రా? వాడు మొదటిసారి పిలిచినప్పుడు నేను చూశాను. కడుపు కోస్తే రాళ్ళు తప్ప ఏమీ లేవు. తప్పు చేయని తాతని చంపాడు. ఏం చేశాడో తెలుసా?"

తెలుసు. ఆ కథ వింటూ పెరిగాను. అయినా తెలియనట్టు తల అడ్డంగా ఊపాను.

"తెల్లారగానే నదిలో నడుము లోతు దిగి, పేరు చెప్పుకుని, తప్పు చేశాను, నన్ను చూసుకో, నా ఇంటివాళ్ళ జోలికి రాకు అని అరిచాడు. ఒడ్డు మీద అందరం విన్నాం. అలా చెప్పకపోతే నది బాకీ తీర్చుకుంటుంది. చంపినవాడితో కాదు, వాడింటి వాళ్ళతో. అది చెప్పిన తర్వాతే మీ నాన్న పిలిచేవాడయ్యాడు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. తప్పు చేయని తాత ఎరని ముట్టడని మా వాళ్ళ నమ్మకం. మనిషిని తిన్నవాడే వస్తాడు. పిలిచినవాడి మాటలో కల్తీ ఉంటేనే వేరేది వస్తుంది.

మిండు తన గుమ్మంలో కూర్చుని చాప అల్లుతోంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే కాదనేవాణ్ణేమో. ఆమె చూడలేదు కాబట్టి సరేనన్నాను.

జూన్ 15

గాలం కర్ర చెక్కాను. రెండు వైపులా మొన. కోడిని దానికి కట్టాలి, నార తాడు దానికి కట్టాలి, తాడు చివర వెదురు ముక్క తేలాలి. మింగితే కర్ర కడుపులో అడ్డం తిరుగుతుంది. వెదురు ఎటు పోతే మేమూ పడవల్లో అటు పోవాలి.

కష్టమంతా మాటల్లో ఉంది. తాడు లాగుతున్నంతసేపూ బుజ్జగించాలి. మా నాన్న గొంతు ఇంకా చెవిలో ఉంది. రా తాతా, నీకోసం చాప వేశాం, దుప్పటి నేశాం, ఇది తాడు కాదు నీ నడుముకి పట్టు వస్త్రం. ఒడ్డుకి చేరి కాళ్ళూ మూతీ కట్టేదాకా అదే ధోరణి. కట్టగానే ఆయన గొంతు మారిపోయేది. "ఇప్పుడు చెప్పు" అనేవాడు. ఆ రెండు మాటలకి చిన్నప్పుడు నేను గోచీ తడుపుకున్నాను.

గదిలో సాధన చేస్తుంటే నా భార్య సులావ్ తలుపు తోసుకుని వచ్చింది.

"ఎవరితోనయ్యా అంత ముద్దుగా మాట్లాడుతున్నావు?"

"తాతతో."

"పెళ్ళయిన కొత్తలో కూడా నాతో ఇలా మాట్లాడలేదు. దుప్పటి కూడా నేను నేసిందే ఇస్తానంటున్నావు."

చాలా రోజులకి నవ్వాను. తర్వాత రేకు పెట్టె తెరిచి వాచీ చూశాను. కదిపితే నడుస్తోంది. మళ్ళీ మూసేశాను. ఇంత ఆలస్యంగా ఇస్తే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటుంది. దాచలేదు. మర్చిపోయాను. ఈ రెండూ ఒకటి కాదు.

జూన్ 19

నాలుగు ఎరలు వేశాం. రెండు కోళ్ళు అలాగే కుళ్ళాయి. ఒకటి ఉడుము తింది. ఒకటి ఎవడో మనిషే తిన్నాడని నా అనుమానం.

జూన్ 20

ఏమీ లేదు.

జూన్ 24

ఊట దారిలో మిండు ఎదురైంది. రెండు బుజాల మీదా నీళ్ళు నింపిన సొరకాయ బుర్రలు. ఎండకి ముఖం నల్లబడింది. ఇంట్లో అందరికీ నదంటే భయం కాబట్టి అందరూ ఊట నీళ్ళే తాగుతున్నారు. మోయటం మాత్రం ఎక్కువగా ఆమే మోస్తోంది. విధవకి వేరే పనేముంది అని మా వాళ్ళ లెక్క.

"అన్నా, తొందరపడకు" అంది. "నేనెక్కడికీ పోను."

అంతే అంది. ఆ మాటతో తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. బుర్రలు అందుకోబోతే ఇవ్వలేదు, మగవాడు మోస్తే నవ్వుతారంది. వాచీ సంగతి చెప్పటానికి అదే సమయం. కానీ ఆ బరువుతో నిలబెట్టి చెప్పటం ఎందుకని ఊరుకున్నాను.

జూన్ 28

తెల్లవారేసరికి ఒక వెదురు ముక్క కనపడలేదు. పడవలు తీస్తున్నారు. నేనూ వెళుతున్నాను. వాచీ చొక్కా జేబులో పెట్టుకున్నాను, తిరిగి రాగానే ఇచ్చేద్దామని.

జూన్ 28, సాయంత్రం

దొరికింది. అందరూ చూశారు.

జూలై 1

ఇంటి నిండా జనం. పక్క ఏటి వాళ్ళు కూడా వచ్చి నా చెయ్యి ముట్టుకుని వెళుతున్నారు. పక్కింటి పసివాడి తల మీద నా చెయ్యి పెట్టించారు. ఆ చెయ్యి మూడు రోజులుగా కడుగుతున్నాను.

రాస్తాను. చదివేది నేనొక్కణ్ణే కదా.

వెదురు ముక్క చిత్తడి అడవి అంచున మడ చెట్ల మధ్య చిక్కుకుంది. లాగాం. నేను చాప వేశాం తాతా అన్నాను, పట్టు వస్త్రం తాతా అన్నాను, గొంతు బాగానే పలికింది, నాకే ఆశ్చర్యమేసింది. పైకి వచ్చింది. చిన్నది. పడవ పొడుగు కూడా లేదు. వీపంతా బురద. "చార ఏది?" అని ఎవరో అన్నారు. "కడిగితే కనపడుతుంది" అన్నాను. ఎవరూ కడగలేదు. కళ్ళల్లో ఎంత ఆశ పెట్టుకుని చూస్తున్నారంటే, నేను నల్లదాన్ని తెల్లదంటే తెల్లదే అనేలా ఉన్నారు.

చంపి కడుపు కోశాక లోపల చెయ్యి పెట్టేది పిలిచినవాడే. వేరేవాళ్ళు పెట్టకూడదు, దగ్గరికి కూడా రాకూడదు. మోచేతి దాకా పెట్టాను. రాళ్ళు తగిలాయి. తాబేలు డిప్ప ముక్క తగిలింది. లోపలికి పోనిస్తే గుడ్లు తగిలాయి. ఇంకా పెంకు గట్టిపడని మెత్తటి గుడ్లు, లెక్కలేనన్ని.

తాత కాదు. తల్లి.

కాస్త ఎడంగా ఒడ్డు మీద మాంబాంగ్ నిలబడి, "ఏమైనా ఉందా జెలియన్?" అన్నాడు. అతని వెనక అందరూ. ఏమీ లేదంటే ఏమవుతుందో నాకు తెలుసు. నడుము లోతు నీళ్ళు. పేరు చెప్పుకోవాలి. మళ్ళీ మొదటినుంచి కోళ్ళు, వెదుళ్ళు, ఊట దారిలో ఆ బుర్రలు. ఎడమ చెయ్యి జేబులోకి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

తెలుసు. నాకు తెలుసు. బయలుదేరే ముందు జేబులో పెట్టుకున్నప్పుడే తెలుసు.

వాచీ చేతికిచ్చినప్పుడు మిండు చెవి దగ్గర పెట్టుకుంది. "ఆడుతోంది" అంది. ఇంటిల్లిపాదీ ఘొల్లుమని ఏడ్చారు. కుడాంగ్ గుండె ఇంకా కొట్టుకుంటోందన్నారు. ఆమె ఏడవలేదు. బొటనవేలితో వాచీ అంచులు తడుముతూ చాలాసేపు కూర్చుంది. ప్రేమ అనుకున్నాను.

తల్లిని తోలు తియ్యకుండా నీళ్ళలోకి తోయించేశాను. పిలిచినవాడి మాట కాదనరు.

జూలై 6

మూట విప్పారు. మాంబాంగ్ కత్తితో మిండు నల్ల గుడ్డ కోశాడు. సులావ్ ఆమె జుట్టుకి నూనె పెట్టి దువ్వింది. గాజులు వేసుకుంటే చేతులు ఎంత సన్నబడ్డాయో తెలిసింది, మోచేతి దాకా జారిపోయాయి. గంటలు మోగాయి. నాకు మొదటి గ్లాసు ఇచ్చారు, పంది గుండెకాయ నా ఆకులో వేశారు.

నేను చేసింది మంచికే. ఆమెకి విడుదల దొరికింది. ఎవరికీ నష్టం లేదు.

జూలై 7

ఎవరికీ నష్టం లేదు.

జూలై 12

రేవు మళ్ళీ కళకళలాడుతోంది. ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు, పిల్లలు పడవల మీంచి దూకుతున్నారు. వలలు తీశారు. ఇన్ని నెలల తర్వాత రొయ్యలతో అన్నం తిన్నాం.

మిండు ఇంకా ఊట నీళ్ళే మోస్తోంది. అలవాటు పడిపోయింది పాపం.

జూలై 20

మిరియాల తోటనుంచి వస్తూ నది వంపు దగ్గర ఆగాను. పోటు వచ్చే వేళ. కెరటం దూరాన్నుంచి హోరుమంటూ నదికి ఎదురెక్కి వస్తోంది. దానికి ముందు నీళ్ళు నిలిచిపోతాయి, అద్దంలా అవుతాయి. ఆ అద్దంలో ఒక చార నెమ్మదిగా అటునుంచి ఇటు వచ్చింది. పొడుగ్గా, తెల్లగా. తొందర లేదు దానికి. కెరటం వచ్చేసింది, చార పోయింది.

నురగ అయి ఉంటుంది.

జూలై 21

నురగ కెరటానికి ముందు రాదు.

జూలై 25

మాంబాంగ్ పంది ఒకటి నది దాటుతూ మధ్యలో మాయమైంది. సుడిగుండం అన్నారు. అవునన్నాను. అందరికన్నా ముందు నేనే అన్నాను.

మిండు ఊటకి వెళ్ళే దారి మార్చింది. రేవు పక్కనుంచి వెళుతోంది. బుర్రలు దింపి కాసేపు నిలబడి, పిల్లలందరూ బయటికి వచ్చాక గానీ కదలట్లేదు. సులావ్ అడిగితే నడుం నొప్పి అందట.

ఇప్పుడు నాకు పగలంతా ఒకటే పని. పిల్లల్ని నీళ్ళలోంచి ఏదో వంకతో గెంటటం. పోటు వస్తోందంటాను. దుంగలు కొట్టుకొస్తున్నాయంటాను. నిన్న జ్వరాలు వస్తాయని అంటే నా కూతురు సవాయ్ నడుం మీద చేతులు పెట్టుకుని, "తాతని చంపిన నాన్నకి జలుబంటే భయమా" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, మూల గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. పన్నెండేళ్ళ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాను.

మాంబాంగ్‌తో చెప్పెయ్యాలి. వాళ్ళ కోడలికి నెలలు నిండాయి, కాన్పు కానిచ్చి చెబుదాం.

జూలై 29

కాన్పు అయింది. మగపిల్లాడు. ఈ సంతోషంలో ఏం చెబుతాం.

ఆగస్టు 2

మిండు భోజనానికి పిలిచింది. వెదురు గొట్టంలో కోడి, లేత ఫెర్న్ ఆకుల కూర, నాకిష్టమని ఎండు మిరప నూరిన చేప.

"చాప వేశాను, కూర్చో అన్నా."

కొత్త చాప. ఆ నెలలన్నీ గుమ్మంలో కూర్చుని అల్లినది. కూర్చున్నాను. విసిరింది, వడ్డించింది, చిన్నప్పుడు నేను ఆమెని బుజాల మీద ఎక్కించుకుని ఏరు దాటించిన సంగతి చెప్పింది. రాత్రుళ్ళు చలిగా ఉంటోందని తను నేసిన దుప్పటి కూడా మడిచి నా పక్కన పెట్టింది. అంత ప్రేమగా మాట్లాడుతుంటే నేను ఆకులోకే చూస్తూ తిన్నాను.

"నీకేమైనా చెప్పాలనుందా అన్నా?" అంది చేతులు కడిగిస్తూ.

"కూర బాగుంది" అన్నాను.

వాచీ గోడకి మేకుకి వేలాడుతోంది. ఎవరూ కదపక ఆగిపోయింది.

ఆగస్టు 5

తడి బట్టలతోనే కూర్చున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పొద్దున రేవు నిండా జనం. నీళ్ళు నిండుగా ఉన్నాయి. మాంబాంగ్ పడవకి తారు పూస్తున్నాడు. ఇనీ దావి పై మెట్టు మీద కూర్చుని వక్క దంచుతోంది. పిల్లలు దూకటానికి వరస కట్టారు, సవాయ్ వాళ్ళలో మొదట ఉంది. నేను ఎప్పటిలాగే పోటు వస్తోందని కేకేశాను. పోటు ఇందాకే పోయింది నాన్నా అంది.

మిండు ఊట దారినుంచి వచ్చింది. బుర్రలు ఖాళీగా ఉన్నాయి. మెట్టు మీద వరసగా పెట్టింది. పిల్లల్ని చేత్తో పక్కకి జరిపింది. చీర కూడా ఎత్తిపట్టకుండా నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళు, తొడలు, నడుము. అక్కడ ఆగి నా వైపు తిరిగి నిలబడింది.

మూడు నెలల్లో ఆమె నదిలో కాలు పెట్టటం అదే మొదలు. అందరూ మాటలు ఆపి చూశారు. మాంబాంగ్ ముఖం విప్పారింది. మా అమ్మాయికి భయం పోయిందన్నాడు.

"మిండు, బయటికి రా" అన్నాను.

"ఎందుకన్నా?"

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"బాగున్నాయి."

"రమ్మంటుంటే."

"ఎందుకు రావాలి? తాత పోయాడుగా. నువ్వే కదా కడుపులోంచి తీసింది." గొంతు పెంచలేదు. ఊట దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. "ఇక్కడ నాకేం భయం?"

ఆమె వెనక నది వెడల్పంతా ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండటమే నేను భరించలేకపోయాను. ఎక్కడో ఒక ఆకు తిరిగింది, నాకు అది చార. ఓ బుడగ లేచింది, అది చార. మాంబాంగ్ "స్నానం చెయ్యనీవయ్యా, నీకేంటి" అంటున్నాడు. ఎప్పుడు దిగానో తెలియదు, చెప్పులతోనే దిగాను. ఆమె చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకోలేదు. నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఆ పట్టీ నా చేతిలో తెగింది అన్నా. నీకిచ్చి రమ్మని ఆయన్ని నేనే పంపాను. తెగిన పట్టీతో వాచీ ఆయన చేతికి ఎలా ఉంటుంది?"

ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"మొదటి రోజునుంచీ తెలుసు. నువ్వే చెబుతావని చూశాను." నా వేళ్ళు ఒక్కొక్కటే తీసేసింది. నన్ను దాటుకుని ఒడ్డు వైపు నడిచింది. మెట్టు మీద కాలు పెట్టాక వెనక్కి తిరిగింది. ఆ గొంతు నేను ఎరుగుదును. మా నాన్న గొంతు. అది నాకు రాలేదు, దానికి వచ్చింది.

"ఇప్పుడు చెప్పు."

చూసుకుంటే నేను నడుము లోతులో ఉన్నాను. వెనక నది, ముందు మా ఇంటిల్లిపాదీ. ఒక్కణ్ణే.

"నా పేరు జెలియన్" అన్నాను.

"వినపడలేదు" అంది ఇనీ దావి పై మెట్టునుంచి.

మళ్ళీ చెప్పాను. నేను చంపింది తాతని కాదు. ఆడది. కడుపులో గుడ్లున్నాయి. మనిషిది ఏమీ లేదు. వాచీ నా జేబులోది. అకి బురాక్ బతికే ఉన్నాడు, వంపు దగ్గర చూశాను, చూసి పదిహేను రోజులు నోరు మూసుకున్నాను, మీ పిల్లలు ఈదుతుంటే చూస్తూ కూర్చున్నాను.

"ఇంకా గట్టిగా. మాకు కాదు, అటు తిరిగి చెప్పు" అంది ఇనీ దావి.

అటు తిరిగాను. ఆ నీళ్ళకి ముఖం పెట్టి నిలబడటం కన్నా ఒడ్డు మీద ముఖాలు నయమని అప్పుడు తెలిసింది. తప్పు చేశాను, నన్ను చూసుకో, నా ఇంటివాళ్ళ జోలికి రాకు అన్నాను. అడుగు జారి రెండుసార్లు నీళ్ళు మింగాను. ఎవరూ నవ్వలేదు. ఎవరూ బయటికి రమ్మనలేదు కూడా. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనీ తల్లులు మెట్ల మీదికి లాక్కోవటం మాత్రం వినపడింది. సవాయ్‌ని మిండు దగ్గరికి పొదువుకుంది.

నేను పైకి వచ్చేసరికి రేవు ఖాళీ అయింది. మాంబాంగ్ తారు డబ్బా అక్కడే వదిలేశాడు.

ఆగస్టు 9

నాన్న తాడు మాంబాంగ్ తీసుకున్నాడు. పై ఏటినుంచి వేరే పిలిచేవాణ్ణి తెస్తారు. నా పని పడవలో నీళ్ళు తోడటం. ఒప్పుకున్నాను. తల్లికి ఒక పందిని బలి ఇవ్వాలన్నారు, గుడ్లకి వేరేగా కోళ్ళు. ఒప్పుకున్నాను. ఎవరూ తిట్టలేదు. పక్కింటావిడ పసివాణ్ణి నా ముందునుంచి తీసుకెళుతూ వాడి తల తుడిచింది. నేను చెయ్యి పెట్టిన చోట.

సులావ్ అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు. నిన్న మాత్రం ఒకటి అంది. "ముద్దుగా మాట్లాడటం నేర్చుకున్నావనుకున్నాను."

సవాయ్ అడిగింది. "నాన్నా, నేను నీళ్ళలో ఉన్నప్పుడు కూడా నీకు తెలుసా?"

తెలుసన్నాను. ఈసారి అబద్ధం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండునని అనిపించినందుకు కూడా సిగ్గుగా ఉంది.

గంటలు మళ్ళీ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. మిండు గాజులు తీసి మూట తనే కట్టుకుని మాంబాంగ్ చేతికిచ్చింది. పాత నల్ల గుడ్డ కోసేశారు కాబట్టి కొత్తది చింపుకుంది. నేను ఆమెకి ఇచ్చిన నెల రోజుల విడుదలలో ఆమె ఒక్కసారి కూడా ఎక్కడికీ వెళ్ళలేదని ఈ ఉదయమే తట్టింది. రేవు దాకా, ఊట దాకా. అంతే.

ఊట దారిలో కాచుకుని నిలబడ్డాను. ఏం చెప్పాలో ఒక్క మాట కూడా సిద్ధం చేసుకోలేదు. బుర్రలు అందుకున్నాను. ఈసారి ఇచ్చింది. పైన పొలంనుంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు, ఆమె పట్టించుకోలేదు. ఇంటి మెట్ల దాకా వచ్చాక కొంగు ముడి విప్పి వాచీ తీసి నా జేబులో వేసింది.

"ఎల్లుండి సిమంగాంగ్ పడవ ఉంది" అంది. "పట్టీ వేయించుకురా. ఈసారి మర్చిపోకు."